మస్టరులో లేని పేర్లు
(మైకా పనివారి జ్ఞాపకార్థం గూడూరులో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

కలిచేడు నుంచి, తలుపూరు నుంచి, సైదాపురం నుంచి బస్సెక్కి వచ్చి ముందు వరసలో కూర్చున్న అమ్మలకు మరీ మరీ నమస్కారం. నేను చెప్పబోయేదాంట్లో చాలా భాగం మీకు నాకంటే బాగా తెలుసు. ఎక్కడైనా పొరపాటు దొర్లితే అక్కడికక్కడే ఆపి దిద్దండి.

స్మారకోపన్యాసం అంటే ఒక పెద్దమనిషి పేరు ఉండటం మామూలు. వేదిక మీద ఆయన ఫొటో, ఫొటోకి దండ ఉంటాయి. ఇవాళ్టి వేదిక మీద ఫొటో లేదు. గనుల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ పనిచేసి పోయినవాళ్లందరి జ్ఞాపకార్థం అని మాత్రమే కరపత్రంలో వేశారు. ఒక పేరు పెడితే తక్కినవాళ్లు పక్కకు పోతారని నిర్వాహకులు వెనకాడారట. మంచి పని చేశారు. కానీ ఇందులో ఇంకో కష్టం కూడా ఉంది. అందరి పేర్లూ వేద్దామన్నా వేయలేం. ఆ పేర్లు ఒకచోట లేవు.

నా మాటంతా దీని చుట్టే తిరుగుతుంది. మైకా చరిత్ర రాసుకోకపోవడం వల్ల మన ఊరికి పోయింది పాత గొప్పలు చెప్పుకునే అవకాశం మాత్రమే అని చాలామంది అనుకుంటారు. నిజానికి పోయినవి చేతికి తగిలేవి. ఒకరికి రావలసిన పింఛను పోయింది. ఒకరి ఊపిరితిత్తుల్లో ఉన్నది ఏ జబ్బో తేల్చే ఆధారం పోయింది. ప్రపంచమంతా కొనుక్కుపోయిన పనితనానికి ఫలానావాళ్లది అని చెప్పే రుజువు పోయింది. ఆ రుజువు ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్లవాళ్ల జ్ఞాపకంలో మాత్రమే మిగిలి ఉంది.

ముందు నేల సంగతి. గూడూరు వైపు నుంచి సంగం వైపుగా, సముద్రానికి కొంచెం ఎడంగా, సుమారు 60 మైళ్ల పొడవున పరుచుకున్న నేలని భూగర్భ శాస్త్రవేత్తలు నెల్లూరు మైకా పట్టీ అన్నారు. పైకి చూస్తే మెట్ట, తుమ్మచెట్లు, ఎర్రమట్టి. లోపల పెగ్మటైట్ అనే ముతక రాయి. ఆ రాయిలో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, వాటి మధ్య పుస్తకంలాగా పొరలు పొరలుగా మైకా. గనుల్లో దాన్ని నిజంగానే పుస్తకం అనేవాళ్లు. బీహారు మైకా ఎర్రడాలు, మనది ఆకుపచ్చడాలు. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఇక్కడ గనులు మొదలయ్యాయి. 1902లో థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త భారతదేశపు మైకా మీద ఒక పెద్ద నివేదిక అచ్చువేసినప్పటికే నెల్లూరు పేరు ఆ శాస్త్రంలో స్థిరపడింది. ఇనుకుర్తి గనిలో 10 అడుగుల వెడల్పున్న మైకా పుస్తకాలు దొరికాయని ఆ కాలపు విజ్ఞాన సర్వస్వాలు రాశాయి. ఇవాళ పొదలకూరు మండలంలో ఇనుకుర్తి బస్సు దిగే పిల్లలకు తమ ఊరి పేరు నూరేళ్ల కిందట ఇంగ్లండులో అచ్చయిందని ఎవరైనా చెప్పారా? నేను అడిగినచోటల్లా లేదనే అన్నారు.

ప్రపంచానికి మైకా ఎందుకు కావలసి వచ్చిందంటే కరెంటు వల్ల. మైకా వేడికి తట్టుకుంటుంది, కరెంటును పోనివ్వదు, ఎంత పలచగా చీల్చినా చిట్లకుండా నిలుస్తుంది. ఈ మూడు గుణాలూ ఒకేచోట ఉన్న వస్తువు అప్పట్లో మరొకటి లేదు. మోటార్లలో, జనరేటర్లలో, రేడియో వాల్వుల్లో, కండెన్సర్లలో, విమానం ఇంజన్ల స్పార్క్ ప్లగ్గుల్లో దాన్నే వాడారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇది తుపాకిమందుతో సమానమైన సరుకైపోయింది. 1942లో బ్రిటన్, అమెరికా కలిసి జాయింట్ మైకా మిషన్ అని పెట్టి భారతదేశపు మైకాను కొనే పని దానికి అప్పగించాయి. ఆ రోజుల్లో ఎగిరిన విమానాల్లో, మోగిన రేడియోల్లో అప్పటి బీహారులోని కోడర్మా ఆడవాళ్లు, గూడూరు ఆడవాళ్లు చీల్చిన పొరలు ఉన్నాయి. యుద్ధ చరిత్రలు ఎన్ని వచ్చినా ఈ ఆడవాళ్ల పేర్లు వాటిలో ఎక్కడా లేవు. మన సరుక్కి కూడా మన పేరు దక్కలేదు. రేవు మద్రాసు కాబట్టి, రాష్ట్రం మద్రాసు కాబట్టి అంతర్జాతీయ వ్యాపారంలో అది మద్రాస్ మైకాగానే చలామణీ అయింది.

ఇప్పుడు పని సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఇదే అందరికంటే ముందు మరుగున పడిపోయేది.

గనిలో మగవాళ్లు బోరు వేసి, మందు పెట్టి పేల్చేవాళ్లు. 1929 నుంచి గని లోపల ఆడవాళ్లు పనిచేయకూడదన్న నిబంధన వచ్చింది. అప్పటి నుంచి వాళ్ల పని గట్టు మీద, ఫ్యాక్టరీలో. పైకి వచ్చిన రాతి గుట్టలోంచి మైకా ముక్కలు ఏరడం మొదటి పని. ఏరినదానికి అంటుకున్న రాయినీ మట్టినీ కొట్టి వదిలించాలి. తరవాత కత్తితో విడదీసి, అంచుల్లో చిట్లినదీ మరకబట్టినదీ కోసేయాలి. అక్కడి నుంచి సరుకు గూడూరు ఫ్యాక్టరీలకు చేరేది. ఇక్కడ దాన్ని సైజుల వారీగా, రంగు వారీగా వేరుచేసేవాళ్లు. 6వ నంబరంటే 1 నుంచి 2¼ చదరపు అంగుళాల పలక వచ్చేది. 1వ నంబరంటే 24 నుంచి 36 చదరపు అంగుళాలు. దానిపైన స్పెషల్, ఎక్స్‌ట్రా స్పెషల్. మరక లేనిది ఒక ధర, కొంచెం మరకున్నది ఒక ధర, నల్లచుక్కలున్నది ఇంకో ధర. ఒక పలకని వెలుతురుకి ఎత్తి చూసి, ఇది ఏ నంబరు, ఏ తరగతి అని క్షణంలో చెప్పగలిగినవాళ్లు మన వీధుల్లో తిరిగారు. వాళ్లలో చాలామంది బడి ముఖం చూడలేదు.

అన్నిటికంటే సున్నితమైన పని స్ప్లిటింగ్స్. అంగుళంలో వెయ్యో వంతు మందం వచ్చేలా చీల్చాలి. మొన కత్తితో అంచున చిన్న సందు చేసి, వేలితో పొరను లేపి, చిరగకుండా లాగాలి. దీన్ని చేసే మరను కనిపెట్టడానికి ఎన్నో దేశాలు ఎన్నో ఏళ్లు ప్రయత్నించాయి, కానీ చేతిపనికి సాటి రాలేదు. అందుకే ఈ పని చౌకగా చేతులు దొరికే చోట నిలబడిపోయింది. తూకాన్ని బట్టి, లెక్కను బట్టి కూలి.

మా మేనత్త ఇదే పనిలో ఇరవై ఏళ్లు ఉంది. ఆమె చీల్చిన పొర ఎక్కడికి పోతుందో, దేనికి వాడతారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒకరోజు మా ఇంట్లో ఇస్త్రీపెట్టె పాడైతే బాగుచేసే అబ్బాయి దాన్ని విప్పాడు. లోపల తీగ చుట్టిన మైకా పలక బయటపడింది. అత్త దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురుకి పెట్టి చూసి, "ఇది మరక సరుకురా నాయనా, మంచిదయితే ఈడ పెట్టరు, ఓడెక్కిస్తారు" అంది. తరవాత ఆ పలకని చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది. ఇరవై ఏళ్ల పని చివరికి ఏమైందో ఆమె చూసింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

ఈ పని గురించి మురిపెంగా మాట్లాడటం తేలిక. అలా మాట్లాడితే దాన్ని చేసిన పిల్లలకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. మైకా చీల్చడానికి చిన్న వేళ్లు పనికొస్తాయని పిల్లల్ని పెట్టుకునేవాళ్లు. 1929లో కార్మికుల మీద వేసిన రాయల్ కమిషన్, మనం విట్లీ కమిషన్ అని పిలిచేది, 1931 నివేదికలో చట్టం అదుపులో లేని పరిశ్రమల్లో బాలలు చేసే పనుల్లో మైకాను కూడా చేర్చింది. 1938లో బాలల ఉపాధి చట్టం వచ్చినప్పుడు నిషేధించిన పనుల జాబితాలో బీడీలు, తివాచీలు, అగ్గిపెట్టెలతో పాటు మైకా కోత, చీల్చడం ఉన్నాయి. 48 ఏళ్ల తరవాత 1986లో బాలకార్మిక నిషేధ చట్టం వచ్చింది. దాని జాబితాలోనూ మైకా కోత, చీల్చడం ఉన్నాయి. ఒక పనిని రెండు తరాల చట్టాలు రెండుసార్లు నిషేధించాల్సి వచ్చిందంటే మొదటి నిషేధానికి ఏ గతి పట్టిందో ఊహించుకోవచ్చు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎనిమిదో ఏట కత్తి పట్టినవాళ్లు ఉన్నారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని ఏ రికార్డూ నిరూపించలేదు, ఎందుకంటే ఏ రికార్డులోనూ వాళ్లు లేరు.

మంచి కూడా జరిగింది, అదీ చెప్పాలి. 1946లో మైకా గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఎగుమతయ్యే మైకా మీద సుంకం వేసి, ఆ డబ్బుతో కార్మికులకు వైద్యం, చదువు, తాగునీరు చూడాలన్నది దాని ఉద్దేశం. కలిచేడు ఆసుపత్రి ఆ నిధితో వచ్చిందే. చుట్టుపక్కల ఊళ్లలో నడివయసు వాళ్లు చాలామంది అక్కడ పుట్టారు. ఓడెక్కిపోయే సరుకులో కొంత తిరిగి ఆ సరుకు తవ్విన ఊరికి రావాలన్న ఆలోచన స్వాతంత్ర్యానికి ముందే మన దేశంలో చట్టమయింది. ఇవాళ గనుల గురించి మాట్లాడే వాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మేలు.

పతనం సంగతి త్వరగా ముగిస్తాను, అది అందరికీ తెలిసిన దుఃఖమే. 1947లో అమెరికాలో ట్రాన్సిస్టర్ తయారైంది, వాల్వుల రోజులు తీరిపోయాయి. మైకా తుక్కుని మెత్తగా చేసి కాగితంలా పరిచే పద్ధతి యూరపులో వచ్చింది, దాంతో పెద్ద పలకలకూ చేతితో చీల్చిన పొరలకూ గిరాకీ తగ్గింది. ప్లాస్టిక్ పొరలు వచ్చాయి. యుద్ధం భయంతో అమెరికా గోదాముల్లో దాచుకున్న మైకా నిల్వలు ఇక అక్కర్లేదనుకుంది. అయినా మన ఊరు కొన్ని దశాబ్దాలు బతికిందంటే సోవియట్ యూనియన్ కొన్నందువల్ల. 1970ల్లో కేంద్ర ప్రభుత్వం మైకా ఎగుమతిని తన సంస్థల చేతికి తీసుకుంది, మిట్కో అనే మైకా ట్రేడింగ్ కార్పొరేషన్ వచ్చింది. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. మాస్కోలో జెండా దింపితే గూడూరులో పనిముట్లు కింద పెట్టాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలు ఒక్కరోజున మూతపడలేదు. వారానికి ఆరు రోజులున్న పని నాలుగు రోజులైంది, తరవాత పిలిస్తే రండి అన్నారు, తరవాత పిలవలేదు. అందుకే చాలామందికి తమ పని ఏ తేదీన పోయిందో చెప్పడం చేతకాదు. ఇది పెద్దతనపు మరుపు అనుకోవద్దు. ఆ తేదీ అసలు లేదు.

ఇలాంటి ఊళ్లు ఇంకా ఉన్నాయి. వరంగల్లులో 1934లో పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లు 2002లో మూతపడింది. కానీ మిల్లు మూత అన్నది కనపడే సంఘటన. గేటుకి తాళం పడుతుంది, కార్మికులు గేటు ముందు కూర్చుంటారు, పత్రికలు రాస్తాయి. ఒక్క గేటు లేని ఊరు మనది. చిన్నా పెద్దా ఫ్యాక్టరీలు, ఇళ్ల వసారాల్లో చీల్చే పని, నలభై మైళ్ల దూరం దాకా చెల్లాచెదురుగా గనులు. జార్ఖండులో కోడర్మా పక్కన ఝుమ్రీ తిలైయా అనే మైకా ఊరుంది. అక్కడి వాళ్లు రేడియోలో సినిమా పాటలు కోరుతూ ఉత్తరాలు రాసి రాసి దేశమంతా తమ ఊరి పేరు మోగేలా చేశారు. మైకా పోయినా ఆ పేరు నిలిచింది. మనకి అలాంటి చిరునామా ఏదీ మిగల్లేదు. దేశం గూడూరును రైల్వే జంక్షనుగా, నిమ్మకాయల మార్కెట్టుగా గుర్తుపట్టడం నేర్చుకుంది. నిమ్మ రైతు మన అన్నదాతే, దానికి సంతోషమే. కానీ ఇరవై ఏళ్లవాణ్ని పట్టుకుని గూడూరు అంటే ఏంటని అడిగితే మైకా మాట నోట రాదు.

మనుషుల ముసలితనం దగ్గరికి వద్దాం. మైకా పోయాక పిల్లలు ఊళ్లో ఆగలేదు. కొందరు మద్రాసు రైలెక్కారు, 140 కిలోమీటర్ల దూరమే కదా. కొందరు రొయ్యల గుంటలకి, చిల్లకూరు, కోట వైపు సిలికా ఇసుకకి, ఆ తరవాత శ్రీసిటీ ఫ్యాక్టరీలకి, కృష్ణపట్నం రేవుకి వెళ్లారు. ఇంట్లో మిగిలింది చూపు మసకబారిన అమ్మ, ఆయాసపడే నాన్న. ఈ వీధుల్లో నడిచినప్పుడు అరుగుల మీద కూర్చునేవాళ్ల వయసు ఏటేటా పెరుగుతూ పోవడం కనిపిస్తుంది.

వాళ్లకి పింఛను ఎందుకు లేదో చూడండి. ఉద్యోగుల పింఛను పథకం 1995 నవంబరు 16న అమల్లోకి వచ్చింది. దానికింద నెలనెలా పింఛను రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు చూపించాలి. మన మైకా పడిపోయింది 1991 తరవాత. పథకం వచ్చేసరికే చాలామందికి పని లేదు. ఉన్నవాళ్లలో కూడా రోజుకూలీగా, ముక్కకూలీగా చేసినవాళ్ల పేర్లు యజమాని పుస్తకాల్లో చేరిందెక్కడ? 2014 సెప్టెంబరు నుంచి ఆ పథకం కింద కనీస పింఛను నెలకి 1,000 రూపాయలు. అంత చిన్న మొత్తం కూడా అందనివాళ్ల గురించి మాట్లాడుతున్నాను. రాష్ట్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి 4,000 అయింది, దానివల్లే ఈ ఊళ్లో ఎన్నో పొయ్యిలు వెలుగుతున్నాయి. కానీ అది వయసుకిచ్చింది. ముప్ఫై ఏళ్లు చేసిన పనికి ఇవ్వాల్సింది ఇంకా రాలేదు.

ఆరోగ్యం సంగతి ఇంకా కష్టం. పలుగురాయిని పొడిగా బోరు వేస్తే వచ్చే సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది. పదేళ్లకో ఇరవై ఏళ్లకో సిలికోసిస్ బయటపడుతుంది. అది నయమయ్యే జబ్బు కాదు. సిలికోసిస్ ఉన్నవాళ్లకి క్షయ రావడం ఎక్కువ. రెండూ ఎక్స్‌రేలో ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి కాబట్టి క్షయ మందులే ఇచ్చి పంపడమూ ఎక్కువే. డాక్టరు తేడా పట్టాలంటే ఒక ప్రశ్న అడగాలి: మీరు ఏ పని చేసేవాళ్లు, ఎన్నేళ్లు చేశారు? ఆ ప్రశ్నకి కాగితం మీద జవాబు లేకపోతే చట్టం ముందు జబ్బుకి కారణం లేనట్టే. చట్టప్రకారం సిలికోసిస్ అధికారులకు తెలియజేయాల్సిన వృత్తి వ్యాధి. పేరు లేని మనిషికి ఏ వృత్తి అని తెలియజేస్తారు? రాజస్థాన్ ప్రభుత్వం 2019లో దీనికోసం ప్రత్యేక విధానం తెచ్చింది. రోగ నిర్ధారణ అయినవాళ్లకి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి 2 లక్షలు ఇచ్చేలా ఏర్పాటు చేసింది. అక్కడి రాతి గనుల కార్మికులు, వాళ్ల సంఘాలు ఏళ్ల తరబడి జాబితాలు రాసి, ఎక్స్‌రేలు పోగుచేసి పోరాడితే అది వచ్చింది. ముందు జాబితా వచ్చింది, తరవాత డబ్బు వచ్చింది.

అందుకే జ్ఞాపకం గురించి ఇంత పట్టుబడుతున్నాను. జ్ఞాపకాన్ని నమ్మవచ్చా అని చదువుకున్న మిత్రులు కొందరు అడుగుతారు. ముసలివాళ్లు పాతరోజుల్ని బంగారం చేసి చెబుతారంటారు. నేను విన్నంతలో మన పెద్దవాళ్లు అలా చెప్పరు. పండగ బోనసు గురించి చెప్పిన నోటితోనే తూకంలో కోత గురించి చెబుతారు. తోటి ఆడవాళ్లతో పాడుకున్న పాటల్ని తలుచుకుంటూనే, గర్భంతో ఉండి మధ్యాహ్నం ఎండలో నాలుగు మైళ్లు నడిచి వచ్చిన రోజు తలుచుకుని కళ్లు తుడుచుకుంటారు. రెండూ వాళ్లవే. మనం వినేటప్పుడు ఒకటి ఉంచుకుని ఒకటి పారేయకూడదు.

తేదీలు దొరకవన్నది నిజమే, కానీ దారి ఉంది. క్రీస్తుశకం అడిగితే తడబడే అవ్వ, పెద్ద తుఫానుకి ముందా తరవాతా అంటే ఠక్కున చెబుతుంది. 1984 నవంబరులో శ్రీహరికోట, దుగరాజపట్నం దగ్గర తీరం దాటిన తుఫాను ఈ ప్రాంతంలో ఎవరూ మరవలేదు. దానికి ముందు పెళ్లయిందా, దాని తరవాత రెండో బిడ్డా, ఆ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఏ ఫ్యాక్టరీ? ఇలా అడుగుతూ పోతే ఒక మనిషి పనిచేసిన ఏళ్లన్నీ వరసగా నిలబడతాయి. ఇద్దరు ముగ్గురు విడివిడిగా ఒకే మాట చెబితే అది తేలిగ్గా కొట్టిపారేయలేని సాక్ష్యం. గ్రామాల్లో వయసు నిర్ధారణకి అధికారులు ఈ పద్ధతే వాడేవారు.

దుగరాజపట్నం పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1626లో ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టి చుట్టూ కోట కట్టుకుంది. వాళ్లు దాన్ని ఆర్మగాన్ అన్నారు. అక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసులో చోటు సంపాదించాడు, స్థావరం అక్కడికి తరలిపోయింది. మొత్తం కలిపి పదమూడు, పద్నాలుగేళ్ల కథ. అయినా ఇవాళ ఏ పరిశోధకుడైనా ఆ స్థావరంలో ఎవరు పనిచేశారో, ఎన్ని బట్టల బేళ్లు ఓడెక్కాయో, ఎవరు ఎవరితో కొట్లాడారో చదువుకోవచ్చు. కంపెనీ గుమాస్తాలు రాసిపెట్టారు, విలియం ఫోస్టర్ 20వ శతాబ్దంలో వాటిని సంపుటాలుగా అచ్చువేశాడు. ఇదే తీరంలో దాదాపు 400 ఏళ్ల కిందటి పరాయివాళ్ల కొట్టు గురించి మనకు తెలిసినంత కూడా, 40 ఏళ్ల కిందటి మన అమ్మల ఫ్యాక్టరీ గురించి తెలియదు. ఇది నాకు మింగుడుపడటం లేదు. రాసుకునే అధికారం ఉన్నవాడి కథ నిలిచింది. మన చేతుల్లోనూ ఇప్పుడు కలం ఉంది, ఫోను ఉంది. ఇక సాకు చెప్పడానికి లేదు.

తొందర ఎందుకంటే నేల కూడా మారిపోతోంది. మైకా కోసం తవ్వి పారబోసిన రాతి గుట్టలు సైదాపురం చుట్టూ కొండల్లా ఉండేవి. ఆ గుట్టల్లో పలుగురాయి ఉంది. 2015 ఫిబ్రవరిలో కేంద్రం మైకా, పలుగురాయి (క్వార్ట్జ్), ఫెల్డ్‌స్పార్‌తో సహా 31 ఖనిజాలను చిన్నతరహా ఖనిజాలుగా ప్రకటించింది, వాటి నియంత్రణ రాష్ట్రాల చేతికి వచ్చింది; ఈ మూడింటినీ 2025లో మళ్లీ ప్రధాన ఖనిజాల్లో చేర్చింది. తెల్ల పలుగురాయికి విదేశాల్లో గిరాకీ పెరిగింది. మన తాతలు పనికిరాదని పారబోసిన రాయి ఇప్పుడు లారీలెక్కుతోంది. రాయి అమ్ముకోవద్దని నేను అనను. కానీ ఏ గుట్ట ఏ గనిది, ఏ గనిలో ఎవరు పోయారు అన్న గుర్తులు ఆ గుట్టలతోనే పోతున్నాయి. పెద్దాయనతో వెళ్లి ఇక్కడ షాఫ్టు ఉండేది, ఇక్కడ ఫలానావాడు పడిపోయాడు అని చూపించమంటే, నిలబడి చూపించడానికి గుట్ట ఉండాలి కదా. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది, సైదాపురం నెల్లూరులో ఉండిపోయింది. గని ఒక కలెక్టరు కిందికి, ఫ్యాక్టరీ ఇంకో కలెక్టరు కిందికి పోయాయి. ఒకే బతుకు కాగితాలు రెండు చోట్ల వెతకాల్సి వచ్చింది.

కాబట్టి నా విన్నపాలు ఇవి. పాత ఫ్యాక్టరీ యజమానుల కుటుంబాలకు: అటక మీద పనివాళ్ల హాజరు రాసిన మస్టర్లు, కూలి పుస్తకాలు, పాత ఫొటోలు ఉంటే చెదలకి వదలకండి. మేము వచ్చి ఫొటో తీసుకుని మీవి మీకే ఇస్తాం. ఎవరినీ బోను ఎక్కించడానికి కాదు, పేర్ల కోసం. డాక్టర్లకు: గూడూరు, రాపూరు, సైదాపురం, పొదలకూరు వైపు నుంచి దగ్గుతో వచ్చే అరవై దాటినవాళ్లని పనేమిటని అడగండి, జవాబు చీటీ మీద రాయండి. ప్రజాప్రతినిధులకు: సిలికోసిస్ మీద రాజస్థాన్ చేసినది చదవండి, ఈ ప్రాంతంలో ఛాతీ పరీక్షల శిబిరాలు పెట్టించండి. బడి పంతుళ్లకు: ఎనిమిదో తరగతి పిల్లలకి ఇంటిపని ఇచ్చేటప్పుడు అవ్వ దగ్గర కూర్చోబెట్టండి.

యువకులు కొందరు ఈ పనికి ముందుకొచ్చారు. వాళ్లకి చిన్న సూచన. ఇంటింటికీ వెళ్లినప్పుడు మీ జీవితం గురించి చెప్పండి అని మొదలుపెట్టవద్దు. అంత పెద్ద ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేరు, నా జీవితంలో ఏముందయ్యా అంటారు. ముందు చేతులు చూపించమనండి. కత్తి ఏ వేలికి తెగేదో అడగండి. సైజు నంబర్లు అడగండి, ముఖం వెలుగుతుంది. కూలి ఎప్పుడిచ్చేవాళ్లు, తూకం ఎవరు వేసేవాళ్లు, నీళ్లు ఎక్కడ తాగేవాళ్లు అని అడగండి. అందరినీ తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: పనిలో నీ కుడిపక్క ఎవరు కూర్చునేవాళ్లు, ఎడమపక్క ఎవరు? ప్రతి మనిషీ రెండు పేర్లు చెబుతుంది. ఆ ఇద్దరి ఇళ్లకి పోండి, వాళ్లు లేకపోతే వాళ్ల పిల్లల దగ్గరికి పోండి. వాళ్లు ఇంకో రెండు చెబుతారు. ఏ యజమానీ రాయని మస్టరు అలా తయారవుతుంది.

తలుపు పక్కన బల్ల మీద ఒక లెడ్జరు పెట్టాం, దాని దగ్గర ఇద్దరు ఆడపిల్లలు కూర్చున్నారు. అమ్మా, మీలో తొందరగా బస్సందుకోవలసినవాళ్లు ముందు వెళ్లండి. మీ పేరు, ఊరు, పనిచేసిన చోటు, మీ పక్కన కూర్చున్న ఇద్దరి పేర్లు రాయించండి. నేను చివరిదాకా ఇక్కడే ఉంటాను.